ఆకులు దండిగా ఉన్నాయి, పువ్వు మాత్రం లేదు: న్యూజెర్సీ పెరట్లో హైడ్రేంజియా

మీ ప్రశ్న చదవగానే మా మొదటి ఇల్లు గుర్తొచ్చింది. మీరు ఎడిసన్ దగ్గర ఇల్లు కొని రెండేళ్ళయింది, పాత ఓనర్లు వదిలి వెళ్ళిన రెండు హైడ్రేంజియా పొదలు వాకిట్లో ఉన్నాయి, ఏటా ఆకులే తప్ప ఒక్క పువ్వూ లేదు. పక్కనే ఇంకో మూడు పెట్టాలనుంది, అవి నీలంగా పూయాలి. ఎప్సమ్ సాల్ట్ వేయమని ఒకరు, కాఫీ పొడి వేయమని ఇంకొకరు. హైదరాబాద్‌లో మీ అమ్మగారు కూడా కుండీలో పెడతానంటున్నారు. ఇంతేకదా మీరు అడిగింది?

ఎరువుల సంగతి తర్వాత చూద్దాం. ముందు ఇది చెప్పండి. మీ లాన్ కోసేవాళ్ళు నవంబరులో ఆకులు ఊడ్చడానికి వచ్చినప్పుడు ఆ పొదల్ని కూడా "నీట్‌గా" కత్తిరించి పోతున్నారా? మీరు పంపిన రెండు ఫోటోల్లో ఒకటి పోయిన జులైది, ఇంకొకటి ఈ మార్చిది. మార్చి ఫోటోలో కొమ్మలన్నీ రెండడుగుల ఎత్తులో, బల్ల పరిచినట్టు సమంగా ఉన్నాయి. ఏ పొదా తనంతట తాను అలా పెరగదు. దగ్గరికెళ్ళి కొమ్మ కొసలు చూడండి. కోత నున్నగా ఉంటే కత్తెర పని. చీలికలు చీలికలుగా, పీకినట్టు ఉంటే జింక పని. జింకకు పైదవడలో ముందు పళ్ళు ఉండవు కాబట్టి అది కొరకదు, లాగి తెంపుతుంది. ఫోటోను బట్టి నా అనుమానం మాత్రం కత్తెర మీదే.

ఎందుకో చెప్తాను. జులై ఫోటోలో ఆకు అరచేయంత ఉంది, మందంగా మెరుస్తోంది, అంచు రంపం పళ్ళలా ఉంది. అది మాక్రోఫిల్లా రకం. జపాన్ మొక్క, పెద్ద బంతిలా గుత్తులు పూసేది ఇదే. మనకు మందారంతో అలవాటు. మందారం కొత్త చిగురు వేసిన చోటల్లా మొగ్గ పెడుతుంది, కత్తిరించినా కొమ్మలేసి పూస్తుంది. మాక్రోఫిల్లాకు ఆ గుణం లేదు. వచ్చే జూన్‌లో విచ్చుకునే పువ్వుకు ఈ ఏడాది ఆగస్టు చివరి నుంచి అక్టోబరు దాకా, రాత్రులు చల్లబడే రోజుల్లోనే కొమ్మ కొసన మొగ్గ కట్టేసుకుంటుంది. ఆకులు రాలినా ఆ మొగ్గ చలికాలమంతా ఎండు పుల్లలా కనిపించే కొమ్మ మీదే నిద్రపోతుంది. నవంబరులో కొసలు కోసేశామంటే వచ్చే ఏటి పూతను తీసి చెత్తసంచిలో వేసినట్టే. మొక్కకు ప్రాణభయం లేదు. మొదలు దగ్గర్నుంచి, కింది కణుపుల నుంచి పచ్చగా లేస్తుంది. అందుకే చూసేవాళ్ళకు మొక్క ఆరోగ్యంగా, గొడ్డుగా కనిపిస్తుంది.

ఇది నేను చదివి తెలుసుకున్నది కాదు. 2009లో ఇల్లు కొన్నాక హడావుడిగా వెళ్ళి మూడు నిక్కో బ్లూ (నీలంగా పూసే మాక్రోఫిల్లా రకం) మొక్కలు తెచ్చాను. డ్రైవ్‌వే పక్కన, పడమటి వైపు పెట్టాను. మధ్యాహ్నం ఎండ, కింద తారు వేడి. ఆకులు అంచులు మాడిపోయాయి. సరే, నీళ్ళు పోసి బతికించుకున్నాను. ఆ నవంబరులో పనివాళ్ళు వచ్చి మూడింటినీ గుండ్రంగా చెక్కి పోయారు. నేను సంతోషపడి టిప్ కూడా ఇచ్చాను! రెండేళ్ళు పువ్వు చూడలేదు. ఆ రెండేళ్ళూ ఎరువు మీద ఎరువు గుప్పించాను. లాన్‌కు వేసే నైట్రోజన్ ఎరువు కూడా వేసేసరికి ఆకులు ఏనుగు చెవులంత అయ్యాయి తప్ప ఒరిగిందేమీ లేదు.

రెండో అనుమానితుడు ఏప్రిల్ మంచు. మన న్యూజెర్సీ చలికాలాన్ని మాక్రోఫిల్లా మామూలుగా తట్టుకుంటుంది. దాన్ని మోసం చేసేది వసంతం. మార్చిలో నాలుగు రోజులు వెచ్చబడగానే మొగ్గలు పగిలి చిన్న పచ్చాకు బయటికొస్తుంది. ఏప్రిల్‌లో ఒక్క రాత్రి 28 ఫారెన్‌హీట్‌కు పడిందంటే ఆ చిగురు మర్నాటికి ఉడికిన పాలకూరలా వేలాడుతుంది. దాంతోపాటు లోపలి పూమొగ్గా పోతుంది. కాబట్టి మే మొదటి వారం దాటేదాకా వెదర్ యాప్ మీద ఒక కన్నేసి ఉంచండి. రాత్రి 32 కిందికి పోతుందంటే సాయంత్రమే పాత దుప్పటి, బెడ్‌షీట్ ఏదో ఒకటి పొద మీద నేలదాకా కప్పండి. పొద్దున ఎండ రాగానే తీసేయాలి. ప్లాస్టిక్ కవర్ మాత్రం వద్దు, అది ఆకుకు తగిలిన చోట ఇంకా ఎక్కువ దెబ్బ. మా వారి పాత లుంగీలన్నీ ఈ పనికే రిటైరయ్యాయి.

మీ రెండు పొదలకు ఇప్పుడు చేయాల్సింది ఏమీ లేదు. నిజంగానే ఏమీ చేయకండి, అదే కష్టమైన పని. ఎండిపోయినట్టున్న పుల్లల్ని మే మధ్య దాకా ముట్టుకోవద్దు. అప్పుడు గోరుతో బెరడు గీకి చూడండి. కింద పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టు, గోధుమ రంగులో ఎండి ఉంటే అంతవరకూ తీసేయొచ్చు. కొసలు పోయాయి కాబట్టి ఈ ఏడాది పక్కల తప్పించుకున్న కొమ్మకు ఒకటీ అరా వస్తే అదృష్టం. అసలు పూత వచ్చే ఏడాది జూన్‌లో. పొద మరీ పెరిగిపోయిందనుకుంటే కత్తిరించే కాలం పూత అయిపోయిన వెంటనే, జులై నెలాఖరులోపు. అది కూడా కొసలు కాదు, అన్నిటికన్నా ముసలి కొమ్మలు మూడో వంతు ఏరి నేలదాకా తీయాలి. ఆగస్టు వచ్చాక కత్తెర లోపల పెట్టేయండి. పనివాళ్ళకు నోటితో చెప్తే సరిపోదు, వచ్చేది ప్రతిసారీ వేరే మనిషి. నేను అక్టోబరులో ప్రతి పొదకూ ఎర్ర రిబ్బన్ కడతాను, రిబ్బన్ ఉన్నదాని జోలికి రావద్దని కాగితం మీద రాసి ఇస్తాను. అప్పట్నుంచి గొడవ లేదు.

ఇక కొత్త మొక్కలు. మూడూ మాక్రోఫిల్లాలే పెట్టకండని నా సలహా. అందరికీ ఆ నీలం బంతులే కావాలి, నాకూ మోజే. కానీ ఏప్రిల్ చెడ్డదైన ఏడు వాకిలంతా బోసిపోతుంది. ఒకటి మాక్రోఫిల్లా, ఒకటి పానిక్యులాటా, ఒకటి అన్నబెల్ పెట్టండి. చివరి రెండూ హైడ్రేంజియాల్లోనే మన మందారం లాంటివి, ఆ ఏడు వేసిన కొత్త కొమ్మ మీదే పూస్తాయి. మార్చిలో ధైర్యంగా కత్తిరించుకోవచ్చు, మంచు పడినా పూత ఆగదు.

పానిక్యులాటాలో లైమ్‌లైట్ అనే రకం నా పెరట్లో రాణి. గుత్తి బంతిలా కాదు, కోలగా గోపురంలా ఉంటుంది. జులైలో లేత ఆకుపచ్చ, తర్వాత తెలుపు, సెప్టెంబరుకు గులాబి జీర. ఎండ ఎంత ఉన్నా సరే, ఆరు గంటలు తగిలితేనే బాగా పూస్తుంది. కాకపోతే ఆరేడు అడుగులు పెరుగుతుంది. కిటికీ కింద పెట్టి తర్వాత బాధపడకండి. చోటు తక్కువైతే లిటిల్ లైమ్ తీసుకోండి, నాలుగైదు అడుగుల్లో ఆగుతుంది. మాది కరీంనగర్ వైపు. ఇక్కడ బతుకమ్మకు తంగేడు, గునుగు ఎక్కడ దొరుకుతాయి? పసుపుకు చామంతి, బంతి పెట్టుకుంటాం, గునుగు వరసలో లైమ్‌లైట్ గుత్తులు పేరుస్తాను. సరిగ్గా ఆ రోజులకే గులాబి తిరిగి ఉంటాయి, సాయంత్రం ఆట అయ్యేదాకా వాడవు. ఈ ఒక్క కారణానికే రెండు మొక్కలు అదనంగా పెట్టాను.

అన్నబెల్ ఈ దేశపు మొక్క. ఇలినాయ్‌లోని అన్నా అనే ఊరి దగ్గర అడవిలో దొరికిందట, పేరు అక్కడిదే. తెల్లటి పెద్ద బంతులు, చలికి చెక్కుచెదరదు. ఒకటే లోపం, వాన పడితే తల బరువుకు నేల మీద వాలిపోతుంది. మార్చిలో పూర్తిగా నేలమట్టం చేయకుండా అడుగున్నర కొయ్యలు వదిలితే కాస్త నిలబడుతుంది. ఓక్ ఆకులాంటి ఆకుతో క్వెర్సిఫోలియా అని ఇంకోటుంది. అక్టోబరులో ఆకు ఎర్రబడితే అదొక అందం, కానీ అదీ పాత కొమ్మ మీద పూసేదే.

మాక్రోఫిల్లాలో ఏది కొనాలంటే, పాత కొమ్మ మీదా కొత్త కొమ్మ మీదా పూసే రకాలు చూడండి. మిన్నెసోటాలోని బెయిలీ నర్సరీస్ 2004లో ఎండ్‌లెస్ సమ్మర్ పేరుతో తెచ్చింది ఆ బాపతే. మొదటి మొగ్గలు మంచుకు పోయినా ఆగస్టులో కొన్నయినా పూస్తుంది. పేరులో ఉన్నంత "ఎండ్‌లెస్" ఏమీ కాదు లెండి. మదర్స్ డేకి కిరాణా స్టోర్లలో రంగు కాగితం చుట్టి అమ్మే కుండీలు మాత్రం తోట కోసం కొనకండి. అవి గ్రీన్‌హౌస్‌లో బుజ్జగించి పూయించినవి. బయట పెడితే మొక్క బతకొచ్చు, పూమొగ్గలు మన చలిని తట్టుకుంటాయన్న నమ్మకం లేదు.

ఎక్కడ పెట్టాలి? మాక్రోఫిల్లాకు ఇంటి తూర్పు వైపు. పొద్దుటెండ నాలుగు గంటలు, మధ్యాహ్నానికి గోడ నీడ. పూర్తి నీడలో ఆకులే వస్తాయి, పడమటెండకు నా నిక్కో బ్లూ గతే. పెద్ద మేపుల్ చెట్టు మొదట్లో పెట్టకండి, దాని వేళ్ళు ఒక్క చుక్క నీళ్ళు మిగలనివ్వవు. డౌన్‌స్పౌట్ (ఇంటి కప్పు మీది వాననీళ్ళు దిగే గొట్టం) కింద నీళ్ళు నిలిచే చోటా వద్దు.

నాటడం ఏప్రిల్ నెలాఖరు నుంచి మే లోపల, లేదంటే సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా. నాకు సెప్టెంబరే ఇష్టం, నేల వెచ్చగా ఉంటుంది, ఎండ పోరు ఉండదు. తవ్వే ముందు 811కి ఫోన్ చేయండి. డబ్బులు తీసుకోరు, గ్యాస్, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో వచ్చి రంగు గీతలు గీసి పోతారు. చిన్న గుంటే కదా అనుకోవద్దు, వాకిట్లో కేబుల్ లైను ఆరంగుళాల లోతులో కూడా ఉంటుంది. గుంట కుండీ ఎంత లోతుంటే అంతే లోతు, వెడల్పు మాత్రం రెండు మూడింతలు. లోతు ఎక్కువైతే మొక్క కుంగి మొదలు కుళ్ళుతుంది. కుండీలోంచి తీశాక వేళ్ళు చుట్టలు చుట్టుకుని ఉంటే కత్తితో నాలుగు వైపులా నిలువు గాట్లు పెట్టండి, జాలిపడకండి. మన వైపు బంకమట్టి ఎక్కువ కాబట్టి తీసిన మట్టిలోనే మూడు నాలుగు పారల కంపోస్టు కలిపి పూడ్చండి. గుంట నిండా సంచి మట్టి నింపితే అది గిన్నెలా నీళ్ళు పట్టి ఉంచుతుంది. మీద రెండు మూడంగుళాల మల్చ్ (నేల మీద పరిచే చెక్కపొట్టు), కాండానికి ఆనకుండా. మాక్రోఫిల్లాకూ అన్నబెల్‌కూ చుట్టూ నాలుగైదు అడుగులు వదలండి. ఇప్పుడు ఖాళీగా కనిపిస్తుంది, మూడో ఏటికి కొమ్మలు కలిసిపోతాయి.

నీళ్ళ విషయంలో దీని నటనకు మోసపోకండి. హైడ్రేంజియా అన్న పేరుకు గ్రీకులో నీళ్ళ పాత్ర అని అర్థం. గింజకాయ ఆకారాన్ని చూసి పెట్టిన పేరు గానీ, గుణానికీ సరిపోయింది. జులై మధ్యాహ్నం ఆకులన్నీ వేలాడేసి చచ్చిపోతున్నట్టు కనిపిస్తుంది. టెన్షన్‌పడి పైపు పట్టుకోకండి. సాయంత్రం ఏడింటికి చూడండి. తల ఎత్తితే నీళ్ళు చాలినట్టే, అది ఎండకు చేసిన గారాబం. పొద్దున్నే కూడా వాడి ఉంటే నిజంగా దాహం. వేలు మట్టిలో రెండంగుళాలు దింపి చూడటమే పరీక్ష. మొదటి ఏడాది వారానికి రెండు మూడుసార్లు, నిదానంగా, మొదట్లో పోయాలి. తర్వాత వారానికి వానతో కలిపి ఒక అంగుళం చాలు. స్ప్రింక్లర్ ఆకుల్ని తడిపితే ఆగస్టుకు ఊదా అంచున్న గోధుమ మచ్చలు వస్తాయి. చూపుకు అసహ్యం, మొక్కకు పెద్ద ప్రమాదం లేదు. రాలిన ఆకులు ఏరేస్తే చాలు, మందులు అక్కర్లేదు.

ఇక నీలం రంగు. ఇది అల్యూమినియం చేసే పని. నేలలో అల్యూమినియం ఎప్పుడూ ఉంటుంది, మట్టి పులుపుగా ఉంటేనే అది కరిగి వేరుకు అందుతుంది. పీహెచ్ (మట్టి పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 5.5 లోపుంటే నీలం, 6.5 దగ్గరికొస్తే గులాబి, నడుమ ఊదా. ఒకే పొద మీద మూడూ చూడొచ్చు. తెల్ల రకాలకు, అంటే అన్నబెల్‌కూ లైమ్‌లైట్‌కూ, ఈ వ్యవహారం వర్తించదు. మన న్యూజెర్సీ మట్టి మామూలుగా పులుపే. దాన్ని చెడగొట్టేది మనమే. లాన్ బాగుండాలని ఏటా సున్నం చల్లిస్తాం. ఇంటి పునాది, సిమెంటు మెట్ల నుంచి కూడా సున్నం దిగుతూ ఉంటుంది. అందుకే మెట్ల పక్కన పెట్టిన నీలం మొక్క మూడో ఏటికి గులాబి అవుతుంది. నర్సరీ వాళ్ళు మోసం చేశారని తిట్టుకుంటాం.

ఎప్సమ్ సాల్ట్‌లో ఉన్నది మెగ్నీషియం, దానికీ నీలానికీ సంబంధం లేదు. కాఫీ వడకట్టాక మిగిలే పిప్పిలో పులుపు దాదాపు ఉండదు, అది ఫిల్టర్‌లోంచి మీ కప్పులోకి దిగిపోయింది. కంపోస్టులో వేసుకోండి, మంచిదే. ముందు మట్టి పరీక్ష చేయించండి. రట్గర్స్ యూనివర్సిటీకి మట్టి పరీక్ష ల్యాబ్ ఉంది, కిట్ మీ కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసులో (యూనివర్సిటీ వాళ్ళ వ్యవసాయ సలహా కేంద్రం) దొరుకుతుంది. పీహెచ్ ఎక్కువని వస్తే గార్డెన్ సల్ఫర్ వేయాలి, అది నిదానంగా నెలల మీద పనిచేస్తుంది. తొందరగా కావాలంటే అల్యూమినియం సల్ఫేట్. గాలన్ నీళ్ళకు ఒక టేబుల్ స్పూను, మార్చి, ఏప్రిల్, మే నెలల్లో ఒక్కోసారి, ముందు నేల తడిపి ఆ తర్వాత పోయాలి. ఇంకో స్పూను వేస్తే ఇంకా నీలమవుతుందని ఆశపడితే వేళ్ళు మాడతాయి. కొత్తగా నాటిన మొదటి ఏడాది అసలు వద్దు. ఎరువు కొనేటప్పుడు సంచి మీద ఉండే మూడు అంకెల్లో నడిమిది, అంటే ఫాస్ఫరస్, తక్కువున్నది చూడండి. ఫాస్ఫరస్ అల్యూమినియాన్ని పట్టేసుకుని వేరుకు అందనివ్వదు. "పూలు బాగా రావాలంటే ఫాస్ఫరస్ దట్టించండి" అనే సలహా ఇక్కడ బెడిసికొట్టేది అందుకే. నేను ఏప్రిల్ చివర ఒక్కసారి హోలీటోన్ (పులుపు నేల ఇష్టపడే మొక్కల ఎరువు) వేస్తాను, జులై తర్వాత ఏమీ వేయను.

జింకల గురించి నా దగ్గర మంత్రమేమీ లేదు. వాసన స్ప్రేలు వాన పడిన ప్రతిసారీ మళ్ళీ కొట్టాలి, నాకు ఓపిక అయిపోయింది. చలికాలం పొద చుట్టూ కోళ్ళ కంచె తీగ గూడులా కట్టి లోపల ఎండు ఓక్ ఆకులు నింపుతాను. జింకకూ అడ్డు, మొగ్గకూ దుప్పటి. మీ ఇంట్లో చిన్నపిల్లలో కుక్కో ఉంటే ఒక జాగ్రత్త: ఆకు, మొగ్గ అన్నీ విషమే, నమిలితే వాంతులవుతాయి. కేకుల మీద ఈ పువ్వు పెట్టడం చూస్తుంటాను, నేనైతే పెట్టను.

ఒక మొక్క నచ్చితే రెండోది కొనకుండా అంటు తొక్కుకోవచ్చు. జూన్‌లో వంగే కొమ్మను నేలకు వంచి, ఒక కణుపు దగ్గర బెరడు కొంచెం గీకి, దాని మీద మట్టి కప్పి రాయి పెట్టండి. మరుసటి వసంతానికి వేళ్ళేస్తుంది, కోసి వేరే చోట పెట్టుకోవడమే. మా అమ్మమ్మ మల్లెకు చేసేది ఇదే పని. ట్యాగ్ మీద పేటెంట్ అని ఉన్న రకాలకు ఇలా చేయడానికి చట్టం ఒప్పుకోదు, అది చూసుకోండి.

అమ్మగారి సంగతి. హైదరాబాద్ నర్సరీల్లో చలికాలంలో పూలతో సహా దొరుకుతుంది, ముచ్చటగా ఉంటుంది, కొనుక్కోమనండి. అయితే దాన్ని పూలగుత్తిలా చూసుకోమనండి, చెట్టులా కాదు. ఊటీ, కొడైకెనాల్‌లో రోడ్డు పక్కన కూడా పూస్తుందంటే అక్కడి చల్లదనం వల్ల. మొగ్గ కట్టడానికి వారాల తరబడి చల్లటి రాత్రులు కావాలి. హైదరాబాద్‌లో అంత కాలం ఉండదు, పైగా మే ఎండ 40 సెల్సియస్ దాటుతుంది. బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ కాబట్టి ఆకు పసుపు తిరుగుతుంది, నీలం పూవు కలే. మేలో నీడలో బతికించుకున్నా మరుసటి ఏడు పువ్వు వస్తుందని ఆశ పెట్టుకోవద్దు. గుత్తి పూలే కావాలంటే నూరువరహాలు పెట్టుకోమనండి. ఎర్రగా, పసుపుగా, గులాబిగా గుండ్రటి గుత్తులే, ఎండ దానికి తిండి, దేవుడికీ పనికొస్తుంది.

మే 15 తర్వాత ఆ రెండు పొదల కొమ్మలు గీకి చూసి, పచ్చదనం ఏ కణుపు దాకా ఉందో దగ్గర నుంచి ఫోటో తీసి పెట్టండి. ఏది ఉంచాలో ఏది తీయాలో అప్పుడు చెప్తాను. అందాకా కత్తెర గరాజ్‌లోనే ఉండనీయండి.